రెండు వేళ్ళంత కిటికీ

మా అమ్మాయి మేఘన, దాని మొగుడు జోష్ కలిసి హెలెన్స్‌విల్ దాటాక కొండ వాలులో ఒక పాత చెక్క ఇల్లు కొనుక్కున్నారు. ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లో మా ఇంటి నుంచి కారులో ముప్పావు గంట. చుట్టూ గడ్డి, ఒక పక్క పైన్ చెట్ల వరస, వాన నీళ్ళు పట్టుకునే ట్యాంకు, కనుచూపు మేరలో ఇంకో ఇల్లు లేదు. మే నెలాఖరున ఒక ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూపిస్తానని మమ్మల్ని పిలిచింది. గుమ్మంలో చెప్పులు విడిచి లోపల కాలు పెడితే నేల జివ్వుమంది. బయటికన్నా లోపలే చలి. న్యూజీలాండ్‌లో పాత ఇళ్ళు చాలావరకు అంతే, వాన ఆపుతాయి గానీ చలి ఆపవు. మేఘనకి ఏడో నెల. కాన్పు ఆగస్టులో, అంటే ఇక్కడ ఇంకా చలికాలమే. గోడ మూలల్లో నల్లగా పట్టిన బూజునీ, దాని పొట్టనీ మార్చి మార్చి చూస్తుంటే నాకు దిగులు పట్టుకుంది.

వంటింటి గట్టు మీద రెండు కాగితాలు పెట్టి ఉన్నాయి. అంత దూరం గ్యాసు పైపు రాదు కాబట్టి ఇల్లు వెచ్చబెట్టుకోడానికి వాళ్ళ ముందు రెండు దారులున్నాయి. ఇంటి వెనక మనిషెత్తు గ్యాసు బండలు రెండు నిలబెట్టి, గోడకి గ్యాసు హీటరు బిగించుకోవడం ఒకటి. కరెంటు మీద నడిచే హీట్ పంప్ పెట్టుకోవడం రెండోది, అంటే మనం ఎండాకాలం వాడే ఏసీనే తిరగేసి వాడటం. జోష్‌ది గ్యాసు పక్షం. గాలివానకి తీగలు తెగితే ఆ కొండల్లో రెండు రోజుల దాకా కరెంటు రాదని అతని భయం. మేఘన ఎటూ తేల్చుకోలేకపోతోంది. "అమ్మా, నువ్వు అప్పట్లో డెయిరీ ఫామ్‌లో ఉన్నావు కదా. నీకు తెలుసు. గ్యాసా, కరెంటా? నువ్వు ఏది అంటే అదే, డన్" అంది.

నేను నోరు తెరిచేలోపు మావారు అందుకున్నారు. "ఏదైనా పెట్టుకోండి గానీ, మీ అమ్మమ్మ లాంటి వాళ్ళని దాని దరిదాపులకి రానివ్వకండి" అన్నారు. మేఘన నవ్వింది. జోష్ కూడా నవ్వాడు, అతనికి ఆ కథ తెలుసు. మా ఇంట్లో అది ఎప్పటినుంచో ఉన్న కథ. ఇండియా నుంచి పురుడు పొయ్యడానికి వచ్చిన అమ్మమ్మ, చెప్పినా వినకుండా కిటికీలన్నీ మూసేసి, గ్యాసు హీటరుతో మనవరాలి ప్రాణం మీదకి తెచ్చిన కథ. పుట్టినరోజుల్లో, తలా ఒకటి వండుకొచ్చే పాట్‌లక్కుల్లో, కొత్తగా పరిచయమైన వాళ్ళ దగ్గర మావారు దాన్ని ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. ప్రతిసారీ నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వు రాలేదు. అమ్మ పోయి అప్పటికి పది నెలలు. పోయిన మనిషి మీద అదే నవ్వు నవ్వడం నాకు చేతకాలేదు. ఎందుకంటే ఆ కథలో ఒక అబద్ధం ఉంది. దాన్ని అందులో పెట్టింది నేను.

మేఘన పుట్టినప్పుడు మేము హామిల్టన్ అవతల ఒక డెయిరీ ఫామ్‌లో ఉండేవాళ్ళం. మావారు స్టూడెంట్‌గా వచ్చి, చదువు అయ్యాక ఆక్లాండ్‌లో ఉద్యోగం దొరక్క, రెసిడెన్సీ వస్తుందని ఎవరో చెబితే ఆవుల పాలు పితికే పనిలో చేరారు. జీతంతో పాటు ఇల్లూ ఇచ్చారు. పాల షెడ్డుకి అర కిలోమీటరు దూరంలో, చిత్తడి నేల మధ్య, రెండు గదుల చెక్క ఇల్లు. ఎప్పుడూ పేడ వాసన, తడి ఉన్ని వాసన, ఆయన బూట్లలోంచి వచ్చే పుల్లటి పాల వాసన. గోడకి పాత కరెంటు హీటరు ఒకటి ఉండేది. దానితో పాటు కెటిల్ పెట్టామంటే ఫ్యూజు ఎగిరిపోయేది. గాలి గట్టిగా వీస్తే మా లైనుకి కరెంటే ఉండేది కాదు, కరెంటు లేకపోతే పంపు నడవక నీళ్ళూ ఉండేవి కావు. చంటిపిల్లని పెట్టుకుని ఇలా అయితే ఎలా అని నేను పోరితే మావారు ఊళ్ళోకి వెళ్ళి, చక్రాల మీద కదిలే గ్యాసు హీటరు కొనుక్కొచ్చారు. వెనక తలుపు తీసి వంటగ్యాసు బండంత బండ లోపల కూర్చోబెట్టడమే. పొగ బయటికి పోవడానికి గొట్టం గిట్టం ఏమీ లేదు. ముట్టిస్తే ముందున్న పింగాణీ పలకలు ఎర్రగా కణకణలాడేవి. కరెంటు పోయినా వెలుగుతుంది కదా అన్నారు ఆయన. అప్పుడు మేము కూడా జోష్ లాగే లెక్క వేసుకున్నాం.

ఆ హీటరు చూసి ఊరుకోలేకపోయింది మార్గరెట్. ఫామ్ యజమాని భార్య ఆవిడ, అరవై దాటిన మనిషి, మాటలు తక్కువ. నాకు ఎనిమిదో నెలప్పుడు ఒకరోజు గుడ్లు ఇవ్వడానికి వచ్చి, హీటరు దగ్గర ఆగి, నన్ను చెయ్యి పట్టుకుని పడకగది కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కిటికీ రెక్క కొద్దిగా పైకి లేపి, ఆ సందులో తన రెండు వేళ్ళు పెట్టి చూపించింది. ఇది వెలిగినంతసేపూ ఇంత తెరిచి ఉండాలి, ఎప్పుడూ మూయకూడదు, అర్థమైందా అని రెండుసార్లు అడిగింది. అర్థమైందన్నాను. నిజంగానే అర్థమైంది. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. గాలి చాలకపోతే మంట కార్బన్ మోనాక్సైడ్ విడుస్తుందని, ఆ విషవాయువుకి రంగూ వాసనా ఉండవని, రేపల్లెలో ట్యూషన్ పిల్లలకి నల్లబల్ల మీద రాసి మరీ చెప్పినదాన్ని. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అమ్మ జూన్‌లో దిగింది. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళు ఆవిడ సంచీలో సగం బయట పారేశారు. కరక్కాయ, శొంఠి, వస కొమ్ము, ఇంట్లో కాచిన నెయ్యి, మూడు రోజులు కూర్చుని వండిన కాయం, అన్నీ పోయాయి. వామూ పసుపూ ప్యాకెట్లలో ఉన్నవి కాబట్టి మిగిలాయి. "బాలింతకి పెట్టే కాయంలో యాడైనా ఇసం ఉంటదా, ఆ పిల్ల అట్టా చెత్తబుట్టలో వేసిందేందే" అని దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంది. మందులు పోయాయన్న దిగులు ఆవిడకి ఇంకో మొండితనం తెచ్చిపెట్టింది. తినే పథ్యంలో లోటు వచ్చింది కాబట్టి, గాలి పథ్యం గట్టిగా పట్టాలనుకుంది. ఆసుపత్రిలో వారం ఉండి పిల్లతో ఇంటికి రాగానే నా చెవుల్లో దూది పెట్టింది, తలకి గుడ్డ కట్టింది, నడుముకి పాత చీర బిగించింది. తలుపు కింద సందులో దుప్పటి మడిచి దోపింది. గోడ మీద గాలి రావడానికి ఉన్న చిన్న జాలీలో కూడా గుడ్డలు కుక్కింది. బొగ్గులు దొరక్క సాంబ్రాణి కడ్డీలతో సరిపెట్టుకుంది. పొద్దున పది గంటలకి పిల్లకి నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. ఆ గదిలో నూనె వాసన, సాంబ్రాణి వాసన, వాము వేయించిన వాసన కలిసిపోయి, బయట న్యూజీలాండ్ ఉందన్న సంగతే మర్చిపోయేదాన్ని.

కిటికీ ఒక్కటే మిగిలింది. మొదటి రోజు రెండు వేళ్ళంత తెరిచి ఉంచాను. అమ్మ హీటరు ముందు కూర్చుని అరచేతులు కాచుకుంటూ, "నిప్పు కనబడతంది, ఇదే నయం. ఆ కరెంటు దాంట్లో ఏవుంది, ఇనప్పెట్టె" అంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, "పచ్చి బాలింత గదిలో ఈ సందేందే" అని రెక్క కిందికి దించి గడియ వేసింది. నేను మంచం మీద పడుకుని చూస్తున్నాను. ఆ గడియ పడిన చప్పుడు విన్నాను. ఒక్క మాట చాలు, అమ్మా అది మూయకూడదు అని. అనలేదు. ఎందుకు అనలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. అంటే అమ్మ వాదిస్తుంది, వాదించే ఓపిక నాకు లేదు. చలిగా ఉంది. పైగా ఏడాదిన్నర తర్వాత ఎవరో నాకు అన్నం కలిపి పెడుతున్నారు, నా తల దువ్వుతున్నారు, ఆ వెచ్చటి చీకట్లో నేను మళ్ళీ చిన్నపిల్లనైపోయాను. చిన్నపిల్లలకి కెమిస్ట్రీ రాదు. కాసేపాగి తీద్దాంలే అనుకుని కళ్ళు మూసుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను.

నాలుగు రోజులు అలా గడిచాయి. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారేవి, అమ్మ పాత టవల్‌తో తుడిచేది. మూడో రోజుకి నాకు తలనొప్పి మొదలైంది. అమ్మకీ వచ్చింది, చలి తగిలిందని కణతలకి శొంఠి గంధం పెట్టుకుందామంటే శొంఠి కస్టమ్స్ వాళ్ళ బుట్టలో పోయింది కాబట్టి అమృతాంజనం రాసుకుంది. పొద్దుటి పాలు పితికి ఇంటికి వచ్చిన మావారికి, గదిలో అరగంట కూర్చుంటే తల దిమ్ముగా ఉండేది. షెడ్డుకి వెళ్ళగానే తగ్గిపోయేది. నిద్ర చాలట్లేదనుకున్నారు ఆయన. పిల్ల పాలు తాగకుండా నిద్రపోతోంది. బుద్ధిమంతురాలు, ఏడవదు, రోజంతా నిద్రే అని అమ్మ మురిసిపోయింది. బుగ్గలు ఎర్రగా మెరిసిపోతుంటే దిష్టి తగులుతుందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి తీసింది. హీటరు మంట అంచుల్లో పసుపు రంగు తిరిగింది, పైన గోడకి సన్నగా మసి పట్టింది. నేను ఆ మసిని చూశాను. చూసి, రేపు మావారితో చెప్పి తుడిపించాలి అనుకున్నాను. అప్పటికే నా బుర్ర మందగించిందని డాక్టరు తర్వాత అన్నాడు. మూడో రోజున అది నిజమే కావచ్చు. మొదటి రోజున కాదు.

అయిదో రోజు మధ్యాహ్నం జోరున వాన. మావారు సాయంత్రపు పాలకి షెడ్డుకి వెళ్ళారు. మార్గరెట్ తోటలో నిమ్మకాయలు కోసుకుని గంపలో పెట్టుకుని వచ్చిందట. తలుపు కొడితే ఎవరూ పలకలేదట. నాకు గుర్తున్నది ఇంతే. చల్లటి గాలి మొహాన కొట్టింది. అమ్మ నేల మీద కూర్చుని, మంచం కోడు పట్టుకుని వాంతి చేసుకుంటోంది. మార్గరెట్ నా పక్కలోంచి పిల్లని తీసుకుని వరండాలోకి పరుగెత్తింది. పిల్ల చెయ్యి ఆవిడ మోచేతి మీద నుంచి వేలాడుతోంది. అమ్మ పడుతూ లేస్తూ వెంటపడింది. పదకొండు రోజుల పిల్లని వానలోకి తీసుకుపోతోందని ఆవిడ స్వెటర్ పట్టుకుని లాగింది, "నా బిడ్డని చంపతంది, చంపతంది" అని ఏడ్చింది. మార్గరెట్ ఆవిడని ఒక్క తోపు తోసి పిల్ల వీపు రుద్దుతూనే ఉంది. చాలాసేపు పిల్ల ఏడవలేదు. ఎంతసేపో నాకు తెలీదు. ఈ రోజుకీ నాకు ఎక్కడైనా చంటిపిల్ల ఏడుపు వినిపిస్తే ముందు ప్రాణం కుదుటపడుతుంది. అప్పుడు మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడి, వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడక, నేను చేసిన పని ఏమిటో స్పష్టంగా అర్థం చేసుకున్నాను. ఆ తర్వాత అది ఏడ్చింది, పిల్లికూనలా, సన్నగా.

హామిల్టన్ ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచి పాలు తాగింది. బతికి బయటపడ్డామని తెలిశాక ప్రశ్నలు మొదలయ్యాయి. నర్సుతో పాటు ఇంకో ఆవిడ వచ్చింది, చేతిలో ఫైలు, మెత్తటి గొంతు. పసిపిల్లలు ఇంట్లో క్షేమంగా ఉన్నారో లేదో చూసే మనిషి. మార్గరెట్ అక్కడే ఉంది. కిటికీ తెరిచి ఉంచమని తను ముందే చూపించానని చెప్పింది. ఆ ఫైలు ఆవిడ నా వైపు తిరిగింది. ఇక్కడ పిల్లల్ని తీసుకెళ్ళిపోతారట అని మా వాళ్ళు చెప్పుకునే మాటలన్నీ నా చెవుల్లో మోగాయి. మావారు మంచం పక్కన నిలబడి నా మొహమే చూస్తున్నారు. నా నోటి నుంచి ఇంగ్లీషు మాటలు వాటంతట అవే వచ్చాయి. నేను మా అమ్మకి చెప్పాను, ఆవిడకి అర్థం కాలేదు, పాతకాలం మనిషి, నేను నిద్రపోయాక మూసేసింది అన్నాను.

అమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ అందరూ ఒక్కసారిగా తన వైపు తిరిగారని తెలుసుకుంది. ఎవరినో ఫోన్‌లో పట్టుకున్నారు, తెలుగు మాట్లాడే ఆయన్ని. ఫోను స్పీకర్‌లో పెట్టారు. "అమ్మా, కిటికీ తీసి ఉంచాలని మీ అమ్మాయి మీకు చెప్పిందంట, నిజమేనాండీ?" అని అడిగాడాయన. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. లెక్క కట్టుకుంటున్న చూపు అది, ఇక్కడ ఎవరికి ఏం పోతుందో చూసుకుంటున్న చూపు. ముక్కుకి పెట్టిన గొట్టం కొంచెం పక్కకి జరుపుకుని, "చెప్పింది నాయనా. చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేనే యినలా" అంది.

ఫైలు ఆవిడ రాసుకుంది. కరెంటు హీటరు మార్పించి, గ్యాసుది ఇంట్లోంచి తీసేయిస్తామని మార్గరెట్ హామీ ఇచ్చింది. పిల్లతో సహా మమ్మల్ని ఇంటికి పంపారు. అమ్మ తిరుగు టిక్కెట్టుకి ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఆ పంతొమ్మిది రోజులూ ఆవిడ పిల్లకి నీళ్ళు పొయ్యలేదు, నూనె రాయలేదు. నేను చేస్తుంటే వంటింట్లో కుర్చీలో కూర్చుని గుమ్మంలోంచి చూసేది. ఎత్తుకోమని ఇస్తే, అల్లుడి వైపు ఒకసారి చూసి, "చేతులు చల్లగా ఉన్నాయిలేమ్మా" అనేది. మా ఇద్దరి మధ్యా ఆ సంగతి ఒక్కసారి కూడా రాలేదు. నేను ఎత్తలేదు, ఆవిడ ఎత్తనివ్వలేదు. విమానం ఎక్కించేటప్పుడు మాత్రం, "పిల్ల తల కింద చెయ్యి పెట్టి ఎత్తుకో" అంది. తర్వాత ఎన్నిసార్లు రమ్మన్నా రాలేదు. మేము వెళ్ళినప్పుడు మేఘనని దగ్గర కూర్చోబెట్టుకునేది, జడ వేసేది, కానీ ఒంటరిగా దానితో ఒక గదిలో ఉండేది కాదు. ఊళ్ళో చుట్టాలకి కూడా ఈ కథ చేరింది. మా మేనత్త ఒకసారి అమ్మ ఎదురుగానే, నీ పెంకితనంతో పసిగుడ్డుని మింగేసేదానివి అంది. అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూనే ఉంది. నేను అక్కడే కాఫీ తాగుతున్నాను.

ఇప్పుడు ఈ దేశంలో పిల్లని చూడటానికి నర్సు ఇంటికే వస్తుంది. చలి ఆగడానికి గోడల లోపల దూది దట్టిస్తున్నారు, పొగనీ విషవాయువునీ పసిగట్టే అలారాలు పైకప్పుకి బిగిస్తున్నారు, ఫోను చేస్తే తెలుగులో చెప్పేవాళ్ళున్నారు. జోష్ పెట్టిస్తానన్న గ్యాసు హీటరు కూడా పాత రకం కాదు, పొగ గొట్టంలోంచి బయటికే పోతుంది. ఆ రోజుల కంటే అన్నీ మెరుగే, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు మా ఇంట్లో తక్కువైంది యంత్రం కాదు. తెలిసిన మనిషి నోరు విప్పలేదు. ఏ హీటరు కొన్నా, ఆ లోటు తీరుతుందని కాగితం మీద రాసివ్వరు. మేఘన ఆ చల్లటి వంటింట్లో నా జవాబు కోసం చూస్తుంటే, ఈసారి కూడా కళ్ళు మూసుకుంటే ఎంత సుఖంగా ఉంటుందో నాకు తెలిసింది. ఆగస్టులో ఇక్కడికి వచ్చి, దానికి అన్నం కలిపి పెట్టి, పిల్లకి నీళ్ళు పోసి, మంచి అమ్మమ్మ అనిపించుకోవచ్చు. చెప్పానంటే అవన్నీ పోవచ్చు.

"కరెంటు" అన్నాను. "ఎందుకో చెప్తాను, కూర్చో."

చెప్పాను. జోష్‌కి అర్థం కావాలని కొంత ఇంగ్లీషులో, నాకు చేతకాని చోట తెలుగులో. గడియ చప్పుడు దగ్గర నుంచి ఫోను దాకా ఏదీ దాచలేదు. మావారి మొహంలో మిగిలి ఉన్న నవ్వు మెల్లగా పోయింది. "ఇన్నేళ్ళూ నా చేత ఆ జోకు వేయించావా" అన్నారు. లేచి బయటికి వెళ్ళి ట్యాంకు దగ్గర నిలబడ్డారు. మేఘన రెండు చేతులూ గట్టు మీద ఆన్చి కాగితాల వైపు చూసింది.

"అమ్మమ్మకి తెలుసా, నువ్వు లై చెప్పావని?"

"తెలుసు."

"సారీ చెప్పావా?"

"లేదు."

"నెవర్?"

"ఎప్పుడూ చెప్పలేదు. ఆఖర్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు చెబుదామని వెళ్ళాను. నీ పిల్ల బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. అంతే."

పైన్ చెట్లలో గాలి మొదలైంది. ఆ ఇంటి కిటికీలు ఒక్కొక్కటిగా కదిలాయి. మేఘన గ్యాసు కాగితం తీసి మడిచి జోష్ చేతికిచ్చింది. కరెంటు పోతే జోష్ వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోదాం అని అతనితో చెప్పింది. అతను తలూపాడు. అప్పుడు నా వైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

"నువ్వు రా అమ్మా. నువ్వు రావాలి నాకు. కానీ బేబీతో నిన్ను ఒక్కదాన్నే ఉంచను. కొన్నాళ్ళు. అది నీకు ఓకేనా?"

కోపంగా అని ఉంటే ఏడ్చేదాన్నేమో. అంత మర్యాదగా, నా మొహం చూసి అడిగేసరికి ఏడుపు రాలేదు. ఓకే అన్నాను. అమ్మని ఈ మాట ఎవరూ అడగలేదు. తనది కాని తప్పుకి, తనంతట తనే, చేతులు చల్లగా ఉన్నాయని చెప్పి దూరంగా కూర్చుంది. ఆ దూరం నాది. ఆగస్టు నుంచి నేను కూర్చుంటాను.